డిశ్చార్జి రాశాక కూడా మంచం ఎందుకు ఖాళీ కాదు?

రోగి కుమార్తె, గుంటూరు:
మా అమ్మగారికి తుంటి ఎముక విరిగింది. 48 గంటలలోపు ఆపరేషన్ జరిగితే మేలని వైద్యులే చెప్పారు, కానీ శనివారం మధ్యాహ్నం ఎకో (గుండె స్కానింగ్) తప్పిపోవడంతో, ఆదివారం తీసేవారు లేక, నాలుగో రోజుకు గాని జరగలేదు. ఇంటికి పంపే రోజున ఉదయం పదింటికి డిశ్చార్జి రాశారు. మేము బయటపడింది రాత్రి ఎనిమిదింటికి. ఇందులో చికిత్స ఎంత, ఎదురుచూపు ఎంత?

వార్డు నర్సు:
ఎదురుచూపే ఎక్కువమ్మా. డిశ్చార్జి సమ్మరీ (చికిత్స వివరాల పత్రం) టైపు కావాలి, మిగిలిన ఇంజెక్షన్లు లెక్కబెట్టి ఫార్మసీకి తిరిగి పంపాలి, ఆ తర్వాతే బిల్లు తయారవుతుంది. మేము ఇప్పుడు రేపు వెళ్లేవారి పేర్లు ముందురోజు సాయంత్రమే బోర్డు మీద రాసి, మందులు అప్పుడే వాపసు చేసి, సమ్మరీ చిత్తుప్రతిని రాత్రి డ్యూటీ డాక్టరు చేత సిద్ధం చేయిస్తున్నాం. ఆ మంచం కోసం క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఒకరు పడుకుని ఉంటారన్నది మరువకూడదు.

ఇన్సూరెన్స్ డెస్క్ ఉద్యోగి:
నగదురహిత చికిత్సలో డిశ్చార్జి అభ్యర్థన అందిన మూడు గంటలలోపు బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఆదేశించింది. అయితే అభ్యర్థన ఆసుపత్రి నుంచి వెళ్లడమే సాయంత్రమైతే ఆ నిబంధన రోగికి అక్కరకు రాదు.

కేస్ మేనేజర్, హైదరాబాద్:
నా అనుభవంలో రోజులు పోయేది ఇంటి దగ్గర ఏర్పాట్లు లేక. ఒక పెద్దాయన ఆరో రోజుకే వాకరుతో నడిచారు, కానీ ఇంట్లో నేలమట్టపు మరుగుదొడ్డి తప్ప మరొకటి లేదని అప్పుడు తెలిసి, కమోడ్ కుర్చీ దొరికే వరకు మరో రెండు రోజులు ఉంచవలసి వచ్చింది. అప్పటి నుంచి చేరిన రోజే అడుగుతున్నాను: మెట్లెన్ని, రాత్రి తోడెవరు, కట్టు మార్చేదెవరు? తొందరపెట్టి పంపడం మాత్రం నాకు సమ్మతం కాదు. వారం తిరగకుండా జ్వరంతో మళ్లీ చేరితే ఆదా అయిన రోజేమీ ఉండదు.

రోగి కుమార్తె:
వచ్చే నెలలో నాన్నగారికి ప్రొస్టేట్ ఆపరేషన్ ఉంది. ఎకో, మత్తు డాక్టరు పరీక్ష చేరకముందే చేయించవచ్చా?

వార్డు నర్సు:
చాలావరకు ఓపీలోనే చేయించవచ్చు, సర్జన్‌ను అడగండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో లేదో కూడా ఆ రోజే రాయించుకోండి. ఆ మాట ఎవరూ అడగక, చేరిన తర్వాత వాయిదా పడిన ఆపరేషన్లు మా వార్డులో తరచూ చూస్తుంటాం.