సెలవుల్లో బంజీ జంప్ బుక్ అయిపోయింది, అసలు అక్కడ ఏం జరుగుతుందో చెప్పండి

సెలవుచీటీ:

వచ్చే నెల సెలవులకి వెళ్తున్నాం, మా ఆయన నన్ను ఒక్క మాట అడక్కుండా ఇద్దరికీ బంజీ జంప్ బుక్ చేసేశారు. వంతెన మీద నుంచి దూకడం, కింద నది. వీడియోలు చూడకూడదు అనుకుంటూనే రాత్రి ఒంటిగంట దాకా చూశాను, అందులో అందరూ అరుస్తారు, కిందికొచ్చాక "సూపర్" అంటారు, మధ్యలో ఏం జరిగిందో ఒక్కరూ చెప్పరు.

నా డౌట్లు ఇవి. జెయింట్ వీల్ దిగేటప్పుడు కడుపులో ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది కదా, నాకు అది అస్సలు పడదు, ఇది దానికి పదింతలా? కాళ్ళకి తాడు కట్టి లాగితే మోకాళ్ళు, నడుము ఏమవుతాయి? తలకిందులుగా ఎంతసేపు వేలాడాలి? నాకు మైనస్ ఆరు కళ్ళద్దాలు, తీసేస్తే ఎదుటి మనిషి కూడా కనపడరు. ఆయనకి బీపీ ఉంది, మాత్రలతో కంట్రోల్‌లోనే ఉంది, ఫారంలో రాస్తే దూకనివ్వరేమో, రాయను అంటున్నారు. చివరగా, అంచు దాకా వెళ్ళి నా వల్ల కాదంటే ఏం చేస్తారు, తోసేస్తారా?

ధైర్యం చెప్పక్కర్లేదు, జరిగేది చెప్పండి చాలు.

ఎగిరేచేప:

జరిగేది వరసగా చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

వెళ్ళగానే ఫారం ఇస్తారు, ఆరోగ్యం గురించి అడుగుతారు, ఏదైనా జరిగితే బాధ్యత ఎంతవరకు ఎవరిదో అందులోనే ఉంటుంది, చదివి సంతకం పెట్టండి. తర్వాత బరువు చూస్తారు. బుకింగ్‌లో మీరు రాసిన బరువుని నమ్మరు, అక్కడే కాటా మీద నిలబెట్టి, ఆ అంకెని మార్కర్‌తో చేతి మీద రాస్తారు. సిగ్గుపడి చెప్పులు విప్పేసి, ఊపిరి బిగబట్టి తగ్గించుకోవాలని చూడకండి, ఆ అంకెని బట్టే మీకు ఏ తాడు వేయాలో తేలుస్తారు. తాడు అంటే మామూలు తాడు కాదు, సన్నని రబ్బరు పోగులు వందలకొద్దీ కలిపి కట్టిన కట్ట. అది తన అసలు పొడవుకి కొన్ని రెట్లు సాగుతుంది, మీ మోకాళ్ళని కాపాడేది ఆ సాగడమే.

తర్వాత నడుముకి హార్నెస్ వేస్తారు, అంటే నడుముకీ తొడలకీ బిగించే పట్టీల కట్టు. చీలమండల చుట్టూ టవలో మెత్తటి ప్యాడో చుట్టి, దాని మీద పట్టీ బిగిస్తారు. రెండు కాళ్ళూ కలిపి కట్టేస్తారు కాబట్టి ఇక నడవలేరు, చిన్నచిన్నగా జరుగుతూ అంచుకి వెళ్ళాలి. వీడియోల్లో తెలియని విషయం ఇక్కడ ఒకటుంది. తాడు అప్పటికే వంతెన కింద వేలాడుతూ ఉంటుంది, దాని బరువు మీ కాళ్ళని అంచు వైపు లాగుతుంది. ఇంకా దూకకముందే ఎవరో కిందికి పిలుస్తున్నట్టు అనిపించేది అక్కడే. ముందే తెలిస్తే కంగారు పడరు, అందుకే చెప్తున్నా.

కాలివేళ్ళు ప్లాట్‌ఫాం బయటికి వచ్చేలా నిలబడమంటారు. కింద చూడకండి, ఎదురుగా దూరంగా ఏముందో దాన్ని చూడండి. చేతులు చాపి ముందుకి వాలాలి, అంతే. భయపడినవాళ్ళు చాలామంది చేసేదేంటంటే మెట్టు దిగినట్టు కాళ్ళు కిందికి పెట్టి దిగడం, అలా దిగితే తాడు బిగుసుకున్నప్పుడు శరీరం గిర్రున తిరగబడుతుంది, అప్పుడు కుదుపు బాగానే తెలుస్తుంది. తల ముందు వెళ్తే అంత ఉండదు. పడేటప్పుడు తాడుని చేత్తో పట్టుకోవద్దు.

ఇక కడుపు సంగతి. రెండు సెకన్లు పడితే సుమారు 20 మీటర్లు కిందికి వెళ్తారు, అప్పటికి వేగం గంటకి 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మొదటి సెకనులో మీరన్న ఆ ఖాళీ తెలుస్తుంది, ఆ తర్వాత ముఖానికి కొట్టే గాలి, చెవుల్లో హోరు తప్ప నాకేమీ తెలియలేదు. తాడు మెల్లగా సాగుతూ ఆపుతుంది, మీరు భయపడుతున్న ఝట్కా ఏమీ ఉండదు. అసలు కడుపు తిరిగేది ఆ తర్వాత: తాడు మళ్ళీ పైకి విసిరేస్తుంది, పై చివర ఒక్క క్షణం తాడు వదులైపోతుంది, మీరు పైకీ కాదు కిందకీ కాదు. అయిపోయిందిలే అనుకున్నాక వస్తుంది కాబట్టి మొదటి పడటం కంటే ఇదే ఎక్కువ అనిపిస్తుంది. ఆ తర్వాత ఊపులు ఒక్కోటీ చిన్నవవుతూ ఆగిపోతాయి.

తోసెయ్యడం గురించి: మంచి చోట ఎవరూ తోయరు. మూడు, రెండు, ఒకటి అంటారు, మొదటి లెక్కకే వెళ్ళిపోండి. ఆగితే రెండో లెక్కకి ధైర్యం పెరగదు.

చత్వారం:

నేను కంటి ఆసుపత్రిలో పనిచేస్తాను, డాక్టర్ని కాదు. కానీ మైనస్ ఆరు అన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. అంత పవర్ ఉన్నవాళ్ళకి రెటీనా (కంటి లోపల వెనకుండే పొర) పలచబడి ఉండే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ, కొందరికి చిన్న చిల్లులు ఉన్నా తెలియదు. తలకిందులుగా ఉన్నప్పుడు తలలో, కళ్ళలో ఒత్తిడి పెరుగుతుంది, బంజీ తర్వాత కంట్లో రక్తం చిమ్మిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చాలామందికి ఏమీ కాదు, కానీ మీరు వెళ్ళేలోపు చుక్కల మందు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. గ్లాకోమా (నీటికాసులు) ఉన్నా, ఇంతకుముందు రెటీనా ఊడినా, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినా వద్దు. దూకిన తర్వాత కళ్ళ ముందు మెరుపులు, నల్ల చుక్కల వాన, పక్కనుంచి తెర పడినట్టు ఉంటే సెలవులు అయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే చూపించుకోవాలి.

కళ్ళద్దాలు వాళ్ళే తీయమంటారు. కొన్నిచోట్ల పట్టీ ఇస్తారు, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని దూకేవాళ్ళూ ఉన్నారు, ఆ చోట నియమం ఏంటో అడగండి. మా దగ్గరికి వచ్చిన ఒకాయన అయితే ఏమీ కనపడకపోవడమే మేలైందన్నాడు, అది కూడా ఒక పద్ధతి :)

బీపీ గురించి, దాచడం మాత్రం చేయొద్దని చెప్పండి. హై బీపీ, గుండె జబ్బు, మూర్ఛ, వెన్ను మెడ సమస్యలు, గర్భం, ఇవన్నీ ఆ ఫారంలో ఊరికే పెట్టరు. కంట్రోల్‌లో ఉంటే డాక్టర్ ఉత్తరం చూపిస్తే ఒప్పుకునే చోట్లు ఉంటాయి. దాచి దూకి ఏదైనా అయితే ప్రాణం సంగతి అటుంచి, ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా చేతులెత్తేస్తారు.

వెనకడుగు:

నేను దూకలేదు, అందుకే రాస్తున్నా. కాళ్ళు కట్టించుకుని అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఎవరూ నవ్వలేదు, స్టాఫ్ "ఫర్వాలేదు" అని పట్టీలు విప్పేశారు, వాళ్ళకిది రోజూ ఉండేదేనట. డబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేదు, చాలాచోట్ల అంతే, బుకింగ్ షరతుల్లో ఉంటుంది చూసుకోండి. వాతావరణం బాగోలేక వాళ్ళే రద్దు చేస్తే డబ్బో వేరే తేదీయో ఇస్తారా అన్నది కూడా అక్కడే ఉంటుంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు కాబట్టి సెలవుల ఆఖరి రోజుకి మాత్రం బుక్ చేసుకోవద్దు.

ఇంకోటి. "మీ ఆయన దూకారు, మీరు దూకరా" అని వరసలో వెనకున్న పరాయివాళ్ళు కూడా అంటారు. వాళ్ళ కోసం దూకక్కర్లేదు.

సెలవుచీటీ:

అందరికీ థ్యాంక్స్, ఆ తాడు లాగే సంగతి తెలియకపోతే నేను అక్కడే కూలబడేదాన్ని. కంటి పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. బీపీ కామెంట్ ఆయనకి చూపించా, మొహం మాడ్చుకున్నారు కానీ డాక్టర్‌కి ఫోన్ చేశారు.

తలకిందులుగా ఎంతసేపు అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. మొదటిసారికి తక్కువ ఎత్తే మంచిదా? ఇక్కడ రెండు చోట్లున్నాయి, ఒకటి నలభై మీటర్లు, ఒకటి వందకి పైన.

తాడుముడి:

కొండలెక్కే అలవాటుంది, తాళ్ళు ముళ్ళు అంటే పిచ్చి, అందుకే బంజీకి వెళ్తే దూకడం కంటే వాళ్ళు కట్టేది చూడటమే నాకు ఇష్టం.

వేలాడే సమయం ఎత్తుని బట్టి కాదు, మిమ్మల్ని ఎలా తీసుకొస్తారన్న దాన్ని బట్టి. న్యూజిలాండ్‌లో క్వీన్స్‌టౌన్ దగ్గర కవరౌ వంతెన ఉంది, 43 మీటర్లు, 1988లో ఏ.జె. హాకెట్, హెన్రీ వాన్ ఆష్ మొదలుపెట్టారు, డబ్బు తీసుకుని ఏడాది పొడుగునా జనాన్ని దూకించడం అక్కడే మొదలు. అక్కడ ఊపులు ఆగాక నదిలో పడవ వస్తుంది, కర్ర అందిస్తారు, పట్టుకుంటే పడవలోకి దించుతారు, చప్పున అయిపోతుంది. తల నీళ్ళలో మునగాలా వద్దా అని ముందే అడిగి దాన్ని బట్టి తాడు సర్దుతారు కూడా. దగ్గర్లోనే నెవిస్, 134 మీటర్లు, అక్కడ పైకి లాగుతారు, కానీ మధ్యలో మీరే ఒక పట్టీ లాగితే కాళ్ళు విడిపోయి హార్నెస్‌లో కూర్చున్నట్టు అవుతారు, తలకి రక్తం ఎక్కడం ఉండదు. దక్షిణాఫ్రికాలో బ్లౌక్రాన్స్ వంతెన 216 మీటర్లు, అక్కడ ఒక మనిషి తాడు మీద మీ దగ్గరికి దిగి, మిమ్మల్ని తగిలించుకుని పైకి తీసుకెళ్తాడు, అతను వచ్చేదాకా కిందికి తల పెట్టుకుని లోయని చూస్తూ ఉండాలి. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని మీటర్లు" కాదు, "ఎలా దించుతారు, కూర్చునే ఏర్పాటు ఉందా".

అక్కడికెళ్ళాక చూడాల్సినవి: చీలమండల పట్టీ ఒక్కటే కాకుండా నడుము హార్నెస్‌కి కూడా తాడు కలిపారా. ఒకరు కట్టింది ఇంకొకరు వచ్చి మళ్ళీ చూస్తున్నారా. మనిషి మారినప్పుడు బరువుని బట్టి తాడు మారుస్తున్నారా, చాలాచోట్ల తాళ్ళకి రంగు గుర్తులు ఉంటాయి. ఒక్కో తాడుతో ఎన్ని దూకులు అయ్యాయో రాసిపెడతారు, లెక్క దాటితే తీసేస్తారు, అడిగితే విసుక్కోకుండా చెప్పాలి. ఒకచోట నేను అడిగితే "మీకెందుకు సార్" అన్నారు, అక్కడి నుంచి వచ్చేశాను.

దూకమనే సైగ ఏంటో ముందే ఖాయం చేసుకోండి, ముఖ్యంగా స్టాఫ్‌కీ మీకూ భాష వేరైతే. 2015లో స్పెయిన్‌లో ఒక టీనేజ్ అమ్మాయి తాడు వంతెనకి కట్టకముందే దూకేసింది, శిక్షకుడు ఆగమన్నది దూకమన్నట్టు వినపడి ఉండొచ్చని కోర్టులో తేలింది. భయపెట్టాలని కాదు. వాళ్ళు లెక్క పెట్టడం, భుజం మీద చెయ్యి తీయడం, రెండూ అయ్యాకే కదలండి.

ఎగిరేచేప:

పైదానికి ఒక్క మాట కలుపుతా. తక్కువ ఎత్తు సులువు అని అందరూ అంటారు, నేను ఒప్పుకోను. నలభై మీటర్ల దగ్గర కింద రాళ్ళు, నీళ్ళు, పడవలో మనుషుల మొహాలు అన్నీ కనపడతాయి, మెదడు "పడితే పోతావ్" అని స్పష్టంగా చెప్తుంది. మరీ ఎత్తైతే కింద బొమ్మలా ఉండి అంత నిజమనిపించదు. కానీ ఎత్తు పెరిగితే పడే సమయం పెరుగుతుంది, నెవిస్‌లో ఎనిమిది సెకన్లకి పైనే అంటారు, అంతసేపు అంటే "ఇంకా ఆగలేదేంటి" అని ఆలోచించుకునే టైం ఉంటుంది. మీ కడుపు సంగతి చెప్పారు కాబట్టి నలభైయే నయం.

చత్వారం:

తాడుముడి గారూ, హాకెట్ కంటే ముందే బ్రిటన్‌లో దూకారు కదా?

తాడుముడి:

అవును, 1979 ఏప్రిల్ 1న ఆక్స్‌ఫర్డ్ డేంజరస్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు బ్రిస్టల్‌లో క్లిఫ్టన్ వంతెన మీద నుంచి దూకారు, 76 మీటర్లు, పోలీసులు పట్టుకెళ్ళారు. అసలు మూలం పసిఫిక్ సముద్రంలోని వనువాటు దేశంలో పెంటెకోస్ట్ దీవి, అక్కడి మగవాళ్ళు చెక్క గోపురాల మీద నుంచి కాళ్ళకి తీగలు కట్టుకుని నేల మీదికి దూకుతారు, తీగలు రబ్బరులా సాగవు. అది చదివాక మన టవల్ చుట్టిన పట్టీ ఎంత సుఖమో తెలుస్తుంది. హాకెట్ 1987లో ఈఫిల్ టవర్ మీద నుంచి దూకాకే లోకానికి తెలిసింది.

వెనకడుగు:

బట్టల గురించి ఎవరూ అనలేదు. ప్యాంటు వేసుకోండి, చున్నీ వద్దు, చొక్కా లోపలికి దోపండి, లేకపోతే వీడియోలో మొహం బదులు చొక్కానే కనపడుతుంది. చీలమండ దాకా వచ్చే బూట్లయితే పట్టీ కట్టడానికి విప్పమంటారు. జేబుల్లో ఏమీ ఉంచొద్దు, గొలుసులు, చెవి రింగులు తీసేయండి, ఫోన్ చేతిలో పట్టుకుని దూకనివ్వరు. పొద్దున తేలిగ్గా తినండి, అస్సలు తినకపోతే నీరసానికి వణుకు వచ్చి అది భయం అనుకుంటారు. మందు తాగి వెళ్తే వెనక్కి పంపిస్తారు.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో సాహస క్రీడలు కవర్ అవుతాయా అన్నది కూడా చూసుకోండి, మామూలు పాలసీల్లో చాలావాటిలో ఉండదు, విడిగా కలుపుకోవాలి.

సెలవుచీటీ:

ఆపరేటర్‌కి మెయిల్ పెట్టా. నలభై మీటర్లది పడవతో దించుతారట, నడుము హార్నెస్ కూడా ఉందట, బీపీకి డాక్టర్ ఉత్తరం తెస్తే చూస్తామన్నారు. నాది రెటీనా రిపోర్టు వచ్చాక చూస్తా, బాగోలేకపోతే పక్కన నిలబడి ఆయన అరుపులు రికార్డు చేస్తా. చూసేవాళ్ళకి టికెట్ ఉంటుందా?

ఎగిరేచేప:

కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఊరికే చూడొచ్చు, అదీ మెయిల్‌లోనే అడిగేయండి. పడవ దిగే చోటు నుంచి పైకి మెట్లెక్కి రావాలేమో కూడా కనుక్కోండి, దూకాక కాళ్ళు కాసేపు వణుకుతాయి, ఆయన కూర్చుని నెమ్మదిగా రావాలి.