ఈ వారం సమస్య: కారు కొన్నవాఁడె కాలినడక

ఛందస్సు ఆటవెలది, ఇది నాలుగో పాదం; పై మూడూ మీరు పూరించాలి. విషయం: విదేశీ బండికి బెజవాడలో రిజిస్ట్రేషను. యతి ఒక్కటీ కుదిరితే చాలదు, రూలు కూడా కుదరాలి.

పటమట కవి:
ఎడమ వైపు చక్రమే యున్న బండికి
నంబ రీయ రెవరు నౌక దిగిన
బిల్లు చేతఁ బట్టి బెజవాడలోనయ్య
కారు కొన్నవాఁడె కాలినడక

నిర్వాహకుడు: ధార బాగుంది, నం–నౌ యతిమైత్రీ సరే. తేడా విషయంలోనే. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షను ఎడమ స్టీరింగును పూర్తిగా కాదనదు; నిర్ణీత సిగ్నలు పరికరం పనిచేస్తుంటే నడపనిస్తుంది. అడ్డుపడేది దిగుమతి విధానం. కుడి స్టీరింగు, కిలోమీటర్ల స్పీడోమీటరు, ఎడమ పక్కన నడిచే రోడ్డుకు తగ్గ హెడ్‌లైట్లు ఉండాల్సిందే. కాబట్టి మీ నాయకుడు బెజవాడ దాకా రాడు, రేవులోనే ఆగిపోతాడు.

పటమట కవి: బెజవాడ తీసేస్తే నా పద్యంలో ఇంకేం మిగులుతుంది గురువుగారూ!

బ్రాడీపేట కవి:
కాంతి కుడికి వంగి కన్నుల మిరుమిట్లు
గొల్పు, మైళ్ల ముల్లు కుదర దనిరి
పూణె కంపి చూడఁ బూర్తి యెన్నాళ్లకో!
కారు కొన్నవాఁడె కాలినడక

ఆటోనగర్ సభ్యుడు: మొదటి పాదం అచ్చంగా నిజం. బండిని గోడకు ఎదురుగా నిలిపి డిమ్ లైటు వేయండి. వెలుతురు గీత ఎడమ పక్కన పైకి లేస్తే మన రోడ్డుకు పనికొస్తుంది. కుడి పక్కన లేస్తే ఎదుటివాడి కళ్లలో పడుతుంది. స్టిక్కరు అంటిస్తే వెలుతురు తగ్గుతుందంతే. రెండు దీపాలూ తీసి కుడి స్టీరింగు దేశాలకు చేసినవి పెట్టాలి, ఒక్కటి మార్చి ఊరుకుంటే కుదరదు.

నిర్వాహకుడు: పూణె అతికింది. సెకండ్‌హ్యాండు కారైతే తయారై 3 ఏళ్లు దాటకూడదు, ఇంకో 5 ఏళ్లు నడిచే సత్తా ఉండాలి, దిగేది ముంబయి రేవులోనే. ఓడ ఎక్కించే ముందు ఒక పరీక్ష, ఇక్కడ కస్టమ్స్ వదలకముందే పూణెలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐ లాంటి చోట మరో పరీక్ష. చెన్నై దగ్గర కదా అని అక్కడ దింపితే చిక్కే.

గొల్లపూడి కవయిత్రి:
ఎంట్రి బిల్లునందు నింజిను ఛాసీసు
నంబ రొకటి సరిగ నప్పకున్న
నిలిచియుండె ఫైలు నెలలుగా వాకిట
కారు కొన్నవాఁడె కాలినడక

నిర్వాహకుడు: అమ్మా, ‘వాకిట’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట (వాకిటన్). తర్వాతి ‘కారు’ కాస్తా ‘గారు’ అవుతుంది, సమస్యే మారిపోతుంది. పైగా ఫైలు ఉండేది ఆఫీసులో. ‘నెలలు గడచెనయ్య’ అంటే రెండు చిక్కులూ తీరతాయి.

ఆటోనగర్ సభ్యుడు: మూడింట్లో పనికొచ్చే పద్యం ఇదే. రిజిస్ట్రేషను దరఖాస్తు ఫారం 20 మీద ఛాసీస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీస్తారు. అది బిల్ ఆఫ్ ఎంట్రీతో (కస్టమ్స్‌కిచ్చే దిగుమతి పత్రం), ఇన్సూరెన్సుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. 17 అక్షరాల నంబరులో ‘ఐ’, ‘ఓ’, ‘క్యూ’ ఉండవు. గుండ్రంగా కనిపిస్తే సున్నాయే. బీమా వాళ్లు దాన్ని ‘ఓ’ అని కొట్టారంటే పాలసీ దిద్దించుకొచ్చేదాకా పని కదలదు. డెలివరీ తీసుకున్న 7 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి గనక, పాలసీ చేతికందిన రోజే సరిచూసుకోండి.

గొల్లపూడి కవయిత్రి: దిద్దాను. ‘ఎంట్రి బిల్లు’ తలకిందులైంది, ఛందస్సు కోసం ఉండనివ్వండి.