ఇంటర్ చదివే అమ్మాయి డబ్బా తినకుండా తెస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: గుంటూరు నుంచి ఒక అమ్మ

మా అమ్మాయికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. ఉదయం 6.40కి కాలేజీ బస్సు ఎక్కితే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర దాటుతుంది. నేను నాలుగున్నరకే లేచి ఇడ్లీ వేస్తాను, మధ్యాహ్నానికి అన్నం, పప్పు, కూర సర్దుతాను. ఉదయం తను టీ తప్ప ఏమీ ముట్టదు. సాయంత్రం డబ్బా మూత తీస్తే తోటకూర పప్పు ఒక మూల కాస్త కదిలి ఉంటుంది, అన్నం గిన్నె ఆకారంలోనే గట్టిపడి ఉంటుంది. రాగానే చిప్స్, రాత్రి పదకొండింటికి నూడుల్స్.

పోయిన నెల మేడ మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలోనే కూర్చుండిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు, ఉదయం టీతో వేసుకుంటోంది. తినమని నేను అరుస్తాను, తను గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. నా బిడ్డ నా కళ్ల ముందే నీరసించిపోతోంది. దారి చెప్పండి.

జవాబు: తెనాలి, గృహవిజ్ఞానం బోధించి రిటైరయ్యాను

అమ్మా, ముందు టీ సంగతి చూడండి. టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. మీరు కొన్న మాత్ర కొంత వృథా అవుతోంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కూడా ఉంది. రాత్రి భోజనం అయ్యాక నిమ్మరసం కలిపిన నీళ్లతో మాత్ర వేయవచ్చేమో డాక్టరును అడగండి. కాల్షియం మాత్ర కూడా రాసి ఉంటే రెండూ ఒకే పూట వేయకండి.

ఆడపిల్లకు ఈ వయసులో హిమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. కాబట్టి మీ పెంపకంలో లోపమని కుమిలిపోకండి. నెలసరి ఎన్ని రోజులు ఉంటోందో, ఎక్కువగా అవుతోందో మెల్లగా అడగండి. వారం దాటినా చాలామంది పిల్లలు ఇంట్లో చెప్పరు. నా విద్యార్థినుల్లో ఎందరినో చూశాను.

ఆకుకూరలో ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది కొద్దిగానే. పక్కన నిమ్మకాయో, ఉసిరికాయో, జామకాయో ఉంటే ఎక్కువ పడుతుంది. మాంసాహారులైతే వారానికోసారి కోడి కార్జం వండి చూడండి.

జవాబు: ఖమ్మం, ఇద్దరు అబ్బాయిల నాన్న

మా వాళ్లూ ఉదయం ఆరింటికి తినలేరు. రాత్రి పన్నెండింటికి పడుకున్న పిల్లలకు ఆ వేళ ఆకలి ఎక్కడిది? బలవంతం మానేసి, బస్సులోనో పదిన్నర విరామంలోనో తినేలా చేతికి ఇస్తున్నాం. చపాతీలో కోడిగుడ్డు పొరటు చుట్టి ఇస్తే చేతులు కడుక్కునే వరుసలో నిలబడే పని ఉండదు. ఇంకో రోజు పల్లీ పట్టీ, అరటిపండు. చిప్స్ కొనడం మానేసి, కంటికి ఎదురుగా ఉడికించిన శనగలు పెట్టాం. మొదటి వారం ముట్టలేదు, రెండో వారం గిన్నె ఖాళీ.

జవాబు: రాజమండ్రి, డిగ్రీ విద్యార్థిని

ఆంటీ, ఒక్కటి అడగండి. తను కాలేజీలో నీళ్లు తాగుతోందా? నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు బాత్‌రూమ్‌కి వెళ్లలేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్లు తాగేదాన్ని కాదు. నీళ్లు లేకుండా పప్పన్నం గొంతు దిగదు. అమ్మ అడిగితే ఆకలి లేదని చెప్పేదాన్ని.

మళ్లీ ప్రశ్న అడిగిన అమ్మ, మూడు వారాల తర్వాత

తల్లీ, నువ్వు రాసినదే నిజమైంది. ఆదివారం తలకు నూనె పెడుతూ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, బాత్‌రూమ్ తలుపులకు గడియలు లేవని, స్నేహితురాలు బయట కాపలా ఉంటేనే వెళ్తానని చెప్పింది. నేను నాలుగు నెలలుగా కూర రుచి మారుస్తూ కూర్చున్నాను. మరో ఇద్దరు అమ్మలతో వెళ్లి ప్రిన్సిపాల్‌ను కలిశాను. వారంలో గడియలు వేయించారు. ఇప్పుడు సీసాలో నీళ్లు అయిపోయి వస్తున్నాయి.

డాక్టరును అడిగి మాత్ర రాత్రికి మార్చాం, నిమ్మనీళ్లతో వేసుకుంటోంది. గుడ్డు చపాతీ నచ్చింది. కాలేజీ గేటు దగ్గర ఉప్పుకారం చల్లిన జామకాయ కొనుక్కోవడానికి డబ్బులిస్తున్నాను. నెలసరి ఎనిమిది రోజులు ఉంటోందట, గురువారం గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాను. మాత్రలు మొదలైనప్పటి నుంచి విరేచనం నల్లగా అవుతోందని భయపడుతోంది. అది మామూలేనా, టీచరుగారూ?

జవాబు: తెనాలి

ఐరన్ వేసుకుంటే నల్లగా రావడం మామూలే అమ్మా, భయపడవద్దని చెప్పండి. తారులా జిగటగా వచ్చినా, కడుపునొప్పి ఉన్నా మాత్రం గురువారం దాకా ఆగకుండా చూపించండి. మళ్లీ రక్తపరీక్ష చేయించాక అంకె ఎంతో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.