గోయా రాజకుటుంబాన్ని వెక్కిరించాడా?

రంగులపెట్టె: మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్న ‘నాలుగో కార్లోస్ కుటుంబం’ అనే చిత్రం చూస్తే అనుమానం రాక మానదు. స్పెయిన్ రాజు కార్లోస్‌నూ ఆయన కుటుంబాన్నీ ఆస్థాన చిత్రకారుడు గోయా 1800–1801లో గీశాడు. రాజుది ఉబ్బిన ముఖం, ఎటో చూస్తున్న చూపు. నడిమధ్యన నిలబడింది రాణి మరియా లూయిసా. రాజుగారి అక్క మరియా హోసెఫా కణత మీది నల్లమచ్చను కూడా వదల్లేదు. జీతం తీసుకుంటూనే వాళ్ల పరువు తీశాడని నా అభిప్రాయం.

కుంచెపోటు: నేను ఒప్పుకోనండీ. గోయా అరన్‌హుయెస్ రాజభవనానికి వెళ్లి, ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని విడివిడిగా ముఖచిత్రాలు గీసుకున్నాడు. వాటిలో ఐదు ఇప్పటికీ ప్రాడోలో ఉన్నాయి. అంతా వాళ్ల కళ్లముందు జరిగిన పని. వెక్కిరింత అయితే ఎవరో ఒకరు అడ్డుపడేవారు కదా!

పాతగోడ: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. 1799లోనే ‘లోస్ కాప్రిచోస్’ పేరుతో 80 ముద్రాచిత్రాలు అమ్మకానికి పెట్టి, మతగురువులనూ పెద్దింటివాళ్లనూ ఉతికి ఆరేశాడు. ఆ చెయ్యి మరుసటి ఏడాదికే భక్తిగా మారిపోయిందా?

కుంచెపోటు: పాతగోడ గారూ, ఆ కథ అక్కడితో అయిపోలేదు. ఆ ముద్రాచిత్రాలను అచ్చేసిన రాగిరేకులను 1803లో గోయా ఇచ్చింది ఈ రాజుకే. బదులుగా గోయా కొడుకు హావియేర్‌కు పింఛను ఏర్పాటైంది. తనను నవ్వులపాలు చేశాడనుకున్న చిత్రకారుడికి ఏ రాజైనా అలా చేస్తాడా? 1808లో ఈ రాజు గద్దె దిగాడు, ఆ వెంటనే నెపోలియన్ సేనలతో యుద్ధం వచ్చిపడింది. ఆ పతనం తెలిసిన మనం దాన్నంతా ఈ ముఖాల్లో వెతుక్కుంటున్నాం.

బొమ్మను దగ్గరగా చూడండి. రాజు ఛాతీ మీది పతకాలు దగ్గరికెళితే పసుపు, తెలుపు రంగుల ముద్దలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే ధగధగ మెరుస్తాయి. ఎర్రబట్టల్లో తల్లి చెయ్యి పట్టుకున్న చిన్న రాకుమారుడు ఫ్రాన్సిస్కో ముఖంలో ఎంత ప్రాణం పోశాడో! వెక్కిరించే మనసుతో ఆ పిల్లాణ్ణి అలా గీయగలరా?

రంగులపెట్టె: పిల్లల సంగతి ఒప్పుకుంటాను. మరి ముఖం పక్కకు తిప్పుకున్న ఆ స్త్రీ ఎవరు?

కుంచెపోటు: యువరాజు ఫెర్నాండోకు కాబోయే భార్య కోసం ఉంచిన చోటని ఎక్కువమంది అంటారు. అతని పెళ్లి 1802లో జరిగింది, చిత్రం అప్పటికే పూర్తయింది. ఎదుట లేని మనిషికి ముఖం కల్పించలేదు. ఎదుట ఉన్నవాళ్ల ముఖాలకు మెరుగులూ దిద్దలేదు. దీన్ని నేను నిజాయితీ అంటాను.

పాతగోడ: పిల్లల మీద అతనికి ప్రేమ ఉందనే అనుకుందాం. రాజు సంగతి వేరు. పాతకాలపు స్పెయిన్ ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెస్ 1656లో ‘లాస్ మెనినాస్’ అనే రాజకుటుంబ చిత్రంలో తనను తాను గీసుకున్నట్టే, గోయా ఇక్కడ ఎడమవైపు చీకట్లో కాన్వాసు ముందు నిలబడి మనవైపే చూస్తున్నాడు. అందరికీ వెనక నిలబడి, అందరినీ చూస్తున్న మనిషి అది. ఆ చూపులో తీర్పు లేదంటే నేను నమ్మను.