కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తోంది, పెట్టెను ఎక్కడ ఉంచాలి?

డిసెంబర్ 21 సాయంత్రం లాబ్రడార్ పిల్లను ఇంటికి తెచ్చాం. ఆడది, ఆ రోజుకు 54 రోజులు. పండుగ సందడిలో తేవడం మా తొందరపాటే, ఒప్పుకుంటున్నాను.

పగలు ఏ ఇబ్బందీ లేదు. రాత్రి పదిన్నరకు హాల్లో అట్టపెట్టెలో పడుకుంటుంది. సరిగ్గా ఒంటిగంటకు ఒకసారి, మూడున్నరకు మరోసారి లేచి ఏడుపు అందుకుంటుంది. బయటికి తీసుకెళితే మూత్రం పోసి వస్తుంది, పెట్టెలో దించగానే మళ్లీ మొదలు. తిండి, విరేచనం మామూలుగానే ఉన్నాయి. పశువైద్యుడు చూసి జబ్బేమీ లేదన్నారు.

తల్లి వాసన ఉన్న గుడ్డ వేశాం. వేడినీళ్ల సీసాకు తువాలు చుట్టి పక్కన పెట్టాం. టిక్కుటిక్కుమనే గడియారమూ పెట్టాం (దానివల్ల నాకే నిద్ర పట్టలేదు). రాత్రి తిండిని తొమ్మిది నుంచి ఏడున్నరకు జరిపాం. రెండు రాత్రులు పట్టించుకోకుండా వదిలేస్తే 50 నిమిషాలు ఆపకుండా ఏడ్చింది, పైఅంతస్తువాళ్లు వచ్చి తలుపు తట్టారు. 24 రాత్రి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ బృందం డప్పులతో వచ్చి వెళ్లినప్పటి నుంచి మరీ ఎక్కువైంది.

పెట్టె పక్కన కూర్చుని చెయ్యి లోపల పెడితే మాత్రం, అరచేతిలో ముక్కు దూర్చుకుని రెండు నిమిషాల్లో నిద్రపోతుంది. చెయ్యి తీస్తే కళ్లు తెరుస్తుంది.

ఈ వయసు పిల్లను పెంచినవాళ్లు చెప్పండి: పెట్టెను మా మంచం పక్కకు మార్చి, అలవాటయ్యాక మెల్లగా హాల్లోకి జరపడం మంచిదా, లేక హాల్లోనే ఉంచి ఓపిక పట్టాలా?