రిచీ గురించి ఒక్క క్లాసులో ఏం చెప్పాలి?

అమీర్‌పేట మాస్టారు:
మైత్రీవనం దగ్గర సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ చెప్తాను. అక్టోబర్ 12 దగ్గరికొస్తోంది, 2011లో, సి తయారుచేసిన డెన్నిస్ రిచీ పోయారని తెలిసిన రోజు. అంతకు వారం ముందే స్టీవ్ జాబ్స్ పోయారు, ఆ హోరులో ఈయన గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ బాధే. మా బ్యాచ్‌లో ఒక్కరికీ ఆయన పేరు తెలీదు. "పైథాన్ ఉండగా సి ఎందుకు సార్" అంటారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు:
వాళ్లు దించుకునే పైథానే సిలో రాసింది సార్. ఫోన్లో ఆండ్రాయిడ్ కింద ఉన్న లైనక్స్ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, కూడా అంతే.

కూకట్‌పల్లి ఎంబెడెడ్:
1973తో మొదలుపెట్టండి మాస్టారూ. అప్పట్లో ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఎక్కువగా అసెంబ్లీయే, అంటే ఒక్కో రకం మెషీన్‌కి విడిగా ఉండే భాష. మెషీన్ మారితే మళ్లీ మొదట్నుంచి రాసుకోవాలి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో రిచీ, కెన్ థాంప్సన్ కలిసి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ని సిలో తిరగరాశారు. దాంతో తర్వాత అదే కోడ్‌ని చాలావరకు వేరే మెషీన్ల మీదికి తీసుకెళ్లగలిగారు. వాళ్లిద్దరికీ కంప్యూటర్ రంగంలో అతిపెద్ద అవార్డు, 1983 ట్యూరింగ్ అవార్డు, వచ్చిన సంగతి ఆఖర్న చెప్పినా పర్లేదు. ముందు ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు పెట్టి, రిజిస్టర్ (చిప్‌లో పిన్నుల్ని నడిపే చిన్న గడి) అడ్రస్‌ని పాయింటర్లో (అడ్రస్ దాచుకునే వేరియబుల్) పెట్టి ఒక్క బిట్ మార్చండి. ఎల్‌ఈడీ వెలుగుతుంది. పాయింటర్ అంటే ఏంటో పిల్లలకి కళ్లముందే కనిపిస్తుంది.

అమీర్‌పేట మాస్టారు:
ఇది బాగుందండీ. ఆదివారం లోపు బోర్డు కొనడానికి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లొస్తా. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఏది పెట్టమంటారు?

కూకట్‌పల్లి ఎంబెడెడ్:
జీసీసీ చాలు, ఉచితమే. బోర్డుని కంప్యూటర్‌కి కలిపే కేబుల్ కూడా అక్కడే తీసుకోండి, డేటా వెళ్లేదో ఉత్త ఛార్జింగ్‌కేనో అడిగి మరీ.