ఎండకు కుంచె మీదే ఆరిపోతున్న రంగు: స్పిట్‌ఫైర్ నమూనాకు సలహా కావాలి

మాది మహబూబ్‌నగర్. 1/72 కొలతలో బ్రిటన్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ మార్క్ 1 ప్లాస్టిక్ నమూనా కడుతున్నాను. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడిన బ్రిటన్ వాయుసేన 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ విమానంగానే దాన్ని తీర్చిదిద్దాలని నా పట్టుదల. నిజాం విరాళం వల్ల ఆ దళానికి హైదరాబాద్ పేరు వచ్చింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగాయే. పాలమూరు కూడా ఆ సంస్థానంలోదే కదా, ఆ సొమ్ములో మా తాతలు కట్టిన శిస్తు కూడా ఉండి ఉంటుందని నా నమ్మకం.

చిక్కంతా రంగు దగ్గరే. పైభాగానికి ముదురు మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ వేయాలి. నీటితో కలిసే యాక్రిలిక్ రంగు ఈ మే ఎండలకు కుంచె మీదే గట్టిపడుతోంది. రెక్కల మీద గీతలు తేలుతున్నాయి, రేకుల అతుకులను చూపే సన్నని గాడులు పూడిపోతున్నాయి. నీళ్లు ఎక్కువ కలిపితే రంగు అంచులకు జారిపోతోంది. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ఇప్పట్లో కొనలేను.

ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ఏ పాళ్లలో కలపాలి? తెల్లవారుజామున వేస్తే తేడా ఉంటుందా? ఎనామిల్ రంగులకు మారదామంటే ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఆ ఘాటు మంచిది కాదు.

ఇంకొకటి, ఆ దళం గుర్తు ‘యూఎం’ అక్షరాల డెకాల్స్ (నీటిలో నానబెట్టి అంటించే పలుచని బొమ్మలు) అంటించే ముందు మెరుపు వార్నిష్ ఎన్ని పూతలు వేస్తే కింద గాలి చిక్కి తెల్లబడకుండా ఉంటాయి? మన ఎండల్లో కుంచెతోనే పనిచేసినవారు దయచేసి చెప్పండి.